నైరుతి మూల తొట్టి

తూముపేట మునిసిపల్ ఏఈ చంద్రరావు ఎస్టిమేటు రాశాడంటే అందులో ఒక మేకు ఎక్కువుండదు, ఒక మేకు తక్కువుండదు. ఈ మాట మొదట ఎవరన్నారో తెలియదు గానీ, చంద్రరావు మాత్రం వీలు చిక్కినప్పుడల్లా అనేవాడు. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆయన రాసిన లెక్కను ఆడిట్ వాళ్లు ఒక్కసారి కూడా వెనక్కి పంపలేదు. లంచం తీసుకోడు, కాంట్రాక్టరిచ్చే కాఫీ కూడా తాగడు. మంచివాడని పేరు తెచ్చుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి? ఆ పేరు ఆయనకు ఊళ్లో నిండుగా ఉంది. ఈ కథలో చెడిందంతా ఆ పేరు వల్లే చెడింది.

తొంభై ఆరు నవంబరు తుఫానుకి తూముపేటలో సర్కారు కట్టడాలు చాలా దెబ్బతిన్నాయి. ఫైర్ స్టేషన్ షెడ్డు రేకులు లేచిపోయి రైస్ మిల్లు గోడవతల పడ్డాయి. పోలీస్ స్టేషన్ వెనక గోడ కూలింది. ఈ రెండు భవనాలూ మునిసిపాలిటీవే. ఆ సంగతి ప్రభుత్వానికి గుర్తు రావడానికి పది నెలలు పట్టింది. తొంభై ఏడు సెప్టెంబరులో ప్రజా భద్రతా భవనాల మరమ్మతులకని ఎనిమిది లక్షలు మంజూరయ్యాయి. ఎస్టిమేటు చంద్రరావు రాయాలి.

మునిసిపల్ ఆవరణలో ముందు ఆఫీసు, వెనక నైరుతి మూలన ఫైర్ స్టేషన్. షెడ్డు గేటు కాలవ రోడ్డు మీదికి తెరుచుకుంటుంది. రోడ్డు దాటితే కాలవే. టేపు పట్టుకుని చంద్రరావు అక్కడికి వెళ్లేసరికి అమ్మిరాజు ఎదురొచ్చాడు. లీడింగ్ ఫైర్‌మన్. స్టేషన్ ఆఫీసరు కుర్చీ రెండేళ్లుగా ఖాళీ కాబట్టి ఇన్‌ఛార్జి కూడా ఆయనే. నలభై ఎనిమిదేళ్ల మనిషి, ఇస్త్రీ చేసిన ఖాకీ, మెలితిప్పిన మీసం. మాట మాత్రం మెత్తన.

"షెడ్డు కారితే కారిందండి. మేం తడుత్తాం, మళ్లీ ఆరతాం. ఆ తొట్టి ఒక్కటి గట్టిగా కట్టించి పెట్టండి, ఆయ్," అన్నాడు అమ్మిరాజు.

షెడ్డు పక్కనే, ఆవరణ మూలకి ఆనుకుని నేలలోకి కట్టిన పాత ఇటుకల తొట్టి అది. తుఫాను ఊపుకి చింతచెట్టు దాని మీద పడి గోడ నెర్రెలు విచ్చింది. సగం నీళ్లే నిలుస్తున్నాయి. అమ్మిరాజూ ఆయన మనుషులూ జీతం డబ్బులతో సిమెంటు కొని ఆ నెర్రెలకి పూతలు పూసుకుంటున్నారు.

"కాలవ ఎదురుగానే ఉందిగా?" అన్నాడు చంద్రరావు. తెలియక కాదు, అవతలి మనిషి చెబితే విందామని.

"ఇప్పుడుందండి. ఏప్రిల్ నెలాఖరుకి కట్టేత్తారు కదండి. మళ్లీ నీళ్లొదిలేది జూన్‌లో. మరి ఊళ్లో ఇళ్లు అంటుకునేదెప్పుడండి? ఆ నెలన్నరలోనే. ఇంజన్లో ఉండే నీళ్లు ఆరేడు నిమిషాలొత్తాయి. తరవాత ఈ తొట్టే మాకు దిక్కు."

గోడ నీడన టీ బడ్డీ పెట్టుకున్న పాపాయమ్మ ఇద్దరికీ టీ తెచ్చింది. గ్లాసులు కడుక్కోవడానికి ఆవిడకీ ఆ తొట్టి నీళ్లే గతి. ఆవిడ మొగుడు సత్తియ్య మిల్లులో బస్తాలు మోసేవాడు. మూడేళ్ల కిందట బస్తాల లాటు జారి నడుం మీద పడింది. అప్పట్నుంచి మంచం మీదే. మిల్లుల వెనకున్న హమాలీ పేటలో తాటాకిల్లు వాళ్లది. పొద్దున్నే మొగుడికి గంజి పట్టి బడ్డీకి వస్తుంది, మధ్యాహ్నం ఒకసారి వెళ్లి చూసొస్తుంది.

"తొట్టి కట్టిత్తారా బాబూ? పుణ్యముంటది," అంది పాపాయమ్మ.

చంద్రరావు కాంట్రాక్టరు కాఫీ తాగడు గానీ పాపాయమ్మ టీ తాగుతాడు, డబ్బులిచ్చే తాగుతాడు. ఆ టీ తాగుతూనే మనసులో తొట్టి గీసేశాడు. ముప్పై వేల లీటర్లు, సిమెంటు కాంక్రీటు, పైన మూత, పంపు పైపు దించడానికి నిచ్చెన. లక్షా ముప్పై రెండు వేలు. ఆ రాత్రి ఇంట్లో కూర్చుని ఆ డ్రాయింగ్ ఎంత ముచ్చటగా గీశాడంటే, ఆయన భార్య సూర్యకళ వెనక నిలబడి చూసి, మన ఇంటికి కూడా ఇంత శ్రద్ధగా గీయలేదు కదా అని దెప్పింది.

ఎస్టిమేటు చైర్మన్ గారి గదికి వెళ్లింది. చైర్మన్ని ఊరంతా పెదబాబుగారంటారు. రెండు మిల్లులున్న ఆసామి. అంతకు ముందు ఇద్దరు చైర్మన్లు అవిశ్వాస తీర్మానంతో దిగిపోయారు. ఈయన మీద కూడా పదకొండు మంది కౌన్సిలర్లు గుసగుసలాడుతున్నారని అప్పటికే పొక్కింది. అంచేత ఆయన రాజమండ్రి నుంచి సోమలింగాచారి అనే వాస్తు సిద్ధాంతిని పిలిపించాడు. చంద్రరావు లోపలికి వెళ్లేసరికి సిద్ధాంతి బల్ల మీద దిక్సూచి పెట్టుకుని, ఆవరణ నక్షాలో నైరుతి మూలన ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుడుతున్నాడు.

నైరుతి ఎత్తుగా ఉండాలి, బరువుగా ఉండాలి. అక్కడ గొయ్యి ఉంటే యజమానికి పదవీ గండం. ఇదీ సిద్ధాంతి తేల్చింది. మునిసిపాలిటీకి యజమాని ఎవరని ఆయన అడగలేదు, పెదబాబుగారూ ఆ అనుమానం పెట్టుకోలేదు. ఊళ్లో నలభై వేల మంది పన్ను కడుతున్నారు. వాళ్లలో ఒక్కడి పదవికీ గండం లేదు కనక యజమాని పెదబాబుగారే అయ్యుండాలి.

"ఇన్నాళ్లూ ఆ గొయ్యి వల్లేనయ్యా ఈ కుర్చీ ఎవరికీ అచ్చిరాలేదు. కొత్తది కట్టడం మాట దేవుడెరుగు, ముందు పాతది పూడ్చెయ్యి," అన్నాడు పెదబాబుగారు.

"వేసవిలో నీళ్లకి ఇబ్బందవుతుందండి," అన్నాడు చంద్రరావు.

"కాలవ లేదూ?"

"మే నెలలో కట్టేసి ఉంటుంది కదండి."

"ఏడాదికి నెలన్నర కోసం లక్షా ముప్పై వేలు గోతిలో పోస్తావా? లెక్కలొచ్చినవాడివని పేరు నీకు."

"పోనీ, ఈశాన్యంలో కట్టొచ్చు కదండి. సిద్ధాంతిగారు కూడా నీళ్లు అటే ఉండాలంటారు..."

ఈశాన్యంలో అప్పుడే పెదబాబుగారి కారు కోసం పోర్టికో లేచింది. దాని పక్కన పచ్చిక, పూలకుండీలు. "ఆ ఎర్రబండి తెచ్చి నా కారు పక్కన కట్టేసుకోమంటావా?" అని ఆయన నవ్వాడు. సిద్ధాంతి కూడా నవ్వాడు. చంద్రరావు నవ్వలేదు, అంతమాత్రం మర్యాద ఆయనలో మిగిలి ఉంది.

తర్వాత పెదబాబుగారు కోప్పడలేదు. కోప్పడితే చంద్రరావు ఎదురు తిరిగేవాడేమో. ఆయన చాలా ఆప్యాయంగా, "మీ అమ్మాయి రాజమండ్రిలో సీనియర్ ఇంటర్ కదూ? హాస్టల్లో ఉందా? ఆదివారాలు వస్తుందా?" అని అడిగాడు. "వస్తుందండి," అన్నాడు చంద్రరావు. "మంచిది. ఇచ్ఛాపురంలో ఏఈ లేక తెగ ఇబ్బంది పడుతున్నారట. మొన్న హైదరాబాద్‌లో చెప్పుకున్నారు," అన్నాడు పెదబాబుగారు, ఫైలు మూసి ఇవతలికి తోస్తూ.

ఇచ్ఛాపురం రాష్ట్రానికి ఆ కొస. అక్కడి నుంచి కూతుర్ని చూడాలంటే ఒక రోజు వెళ్లడానికి, ఒక రోజు రావడానికి. కూతురు పూజితకి ఆస్తమా ఉంది, చలికాలంలో తండ్రి అందుబాటులో లేకపోతే భయపడుతుంది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నాడు. సూర్యకళ ఏమైందని గుచ్చి గుచ్చి అడిగి, "పిల్ల పరీక్షలయ్యేదాకా ఎవరితోనూ పెట్టుకోకండి. ఆ తొట్టేదో వచ్చే ఏడు కట్టొచ్చు," అంది. ఆవిడ ఆ మాట అనాలనే ఆయన అంతసేపు అన్నం కలిపాడు.

కానీ కొట్టేయడమంటే గీత గీసేయడం కాదు. ఎస్టిమేటులోంచి ఒక పని తీసేస్తే కారణం రాయాలి, లేకపోతే ఆడిట్ వాళ్లు అడుగుతారు. మర్నాడు ఆఫీసు కిటికీ పక్కన కూర్చున్నాడు. కిటికీలోంచి కాలవ కనబడుతోంది. సెప్టెంబరు నెల, గట్లు తాకుతూ నిండుగా పారుతోంది, గడ్డి పడవ ఒకటి నెమ్మదిగా పోతోంది. చంద్రరావు ఆరో పేజీలో ఇంగ్లీషులో ఒక పేరా రాశాడు. ఏడాది పొడవునా పారే కాలవ నలభై గజాల దూరంలో ఉన్నందున నీటి తొట్టి అవసరం లేదని, శిథిలమైన పాత తొట్టిని పూడ్చవచ్చునని ఫైర్ స్టేషన్ వారు సమ్మతించారని దాని అర్థం. ఏడాది పొడవునా అనే చోట కలం ఆగింది. డెల్టాలో పుట్టి పెరిగినవాడు, కట్టేసిన కాలవలో చేపలు పట్టుకుని ఒళ్లంతా బురద చేసుకున్నవాడు, ఆ మాట రాయడానికి కాస్త ఆగాడు. కాస్తే.

మిగిలిన లక్షా ముప్పై రెండు వేలు పోలీస్ స్టేషన్ ముందర కమానుకి వెళ్లాయి. కమాను మీద పెదబాబుగారి పేరుతో నల్లరాతి పలక. మొత్తం మళ్లీ సరిగ్గా ఎనిమిది లక్షలే తేలింది, రూపాయి అటూ ఇటూ కాలేదు. ఆ రోజు కూడా చంద్రరావు దానికి లోలోపల సంతోషించాడు. సిగ్గు లేని అలవాటు.

ఇక సమ్మతి సంతకం ఒక్కటే మిగిలింది. కాగితాలు పట్టుకుని స్వయంగా ఫైర్ స్టేషన్‌కి వెళ్లాడు. అమ్మిరాజు కుర్చీ తుడిచి వేశాడు.

"రేకులు, తలుపులు, మీరు పడుకునే గది, కొత్త గంట. అన్నీ వచ్చాయి అమ్మిరాజుగారూ," అన్నాడు చంద్రరావు.

"తొట్టండి?"

"అది రెండో విడతలో. వేసవి లోపల వచ్చేస్తుంది. నాదీ పూచీ."

తూముపేట ఆఫీసుల్లో ఒక పద్ధతుంది. ఇంగ్లీషు కాగితం మీద ఇంజనీరు వేలు ఎక్కడ పెడితే కిందివాళ్లు అక్కడ సంతకం పెడతారు. చదవడం ఆ ఇంజనీర్ని అవమానించినట్టు లెక్క. చంద్రరావు లాంటి మనిషి తెచ్చిన కాగితాన్ని చదవడమంటే మరీ అవమానం. అమ్మిరాజు పదో తరగతి పాసైనవాడు, తంటాలు పడితే కూడబలుక్కోగలడు. కానీ ఆయన కాగితం వైపు చూడలేదు, చంద్రరావు వేలి వైపు చూశాడు. "మీరు చెప్పాక ఇంక చూసేదేముందండి," అని గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టి, కింద తారీఖు వేసి, సిరా ఆరడానికి నోటితో ఊదాడు. చంద్రరావు టీ తాగకుండానే వచ్చేశాడు. పాపాయమ్మ వెనక నుంచి పిలిచింది, వినబడనట్టు నడిచాడు.

ఫిబ్రవరిలో రెండు ట్రాక్టర్ల గ్రావెల్ తెచ్చి తొట్టి పూడుస్తుంటే అమ్మిరాజు పరిగెత్తుకుని చంద్రరావు దగ్గరకొచ్చాడు.

"ఉన్నది కూడా పూడ్చేత్తున్నారేంటండి? కొత్తదొచ్చేదాకా ఉంచరా?"

"నీళ్లు కారి షెడ్డు పునాది దెబ్బతింటోంది. కొత్తది వస్తుంది కదా అని చెప్పానా?"

"చెప్పారండి," అని అమ్మిరాజు వెళ్లిపోయాడు. అనుమానించినందుకు తనే తప్పు చేసినట్టు తలొంచుకుని వెళ్లాడు. పూడ్చిన చోట సిద్ధాంతి చెప్పిన ముహూర్తానికి కొబ్బరికాయ కొట్టి, బరువు కోసమని పాత రోడ్డు రోలరు తెచ్చి నిలబెట్టారు. కొత్త రేకులకి రంగులేశారు, కమానుకి రిబ్బను కత్తిరించారు. చంద్రరావుకి కూడా ఒక శాలువా కప్పారు. ఆ తర్వాత రెండో విడత గురించి ఆయన రెండు ఉత్తరాలు రాశాడు. జవాబు రాలేదు. మూడోది రాయలేదు.

మే మూడో వారం. పడమటి గాలి నిప్పులు చెరుగుతోంది. కాలవలు కట్టేసి ఇరవై రోజులైంది. మధ్యాహ్నం పన్నెండున్నరకి కొత్త గంట మోగింది. చంద్రరావు ఆఫీసు కిటికీలోంచి చూసేసరికి ఇంజను అప్పటికే గేటు దాటి మిల్లుల వైపు తిరుగుతోంది. మిల్లుల వెనక నల్లటి పొగ. ఆయన చూపు పొగ మీద కంటే ముందు కాలవ మీద పడింది. అడుగున మట్టి పగుళ్లిచ్చి ఉంది. నడుమ ఒక మడుగులో నాలుగు గేదెలు పడుకున్నాయి.

స్కూటరు మీద హమాలీ పేటకి వెళ్లాడు. ఎవరింట్లోనో పొయ్యిలో రవ్వ లేచి తాటాకు కప్పు అంటుకుందట. ఆయన వెళ్లేటప్పటికి ఒక వరస కాలిపోయింది, రెండో వరస కాలుతోంది. ఒక్కటి మాత్రం చెప్పాలి. అమ్మిరాజు మనుషులు చేతనైనట్టల్లా చేశారు. గాలి వాటం చూసి, మంటకి ఎదురెళ్లి, మూడో వరస ముందు నిలబడి నీళ్లు కొట్టారు. మంట వెనక్కి తగ్గింది. జనం హమ్మయ్య అనుకున్నారు. ఇంకో పావుగంట అలా కొడితే అక్కడితో ఆగిపోయేది. ఆ లెక్క చంద్రరావుకి చూస్తూనే తెలిసిపోయింది, ఎంతైనా లెక్కలొచ్చినవాడు.

ఏడో నిమిషాన పైపు చప్పబడిపోయింది.

అమ్మిరాజు పైపు కొసని ఒకసారి చూసి, ఇంజను ఎక్కి, అది వచ్చిన దారినే వెనక్కి పోనిచ్చాడు. మైలున్నర దూరంలో మునిసిపాలిటీ వాటర్ ట్యాంకు. అక్కడ కరెంటు కోత, ట్యాంకులో అడుగున ఉన్న నీళ్లు సన్నటి ధారగా దిగాయి. నిండేదాకా ఆగకుండా సగం పట్టుకుని వచ్చాడు. వచ్చేసరికి ముప్పై అయిదు నిమిషాలు. ఈలోపు జనం చేదబావి దగ్గర బిందెలతో కొట్టుకున్నారు. మూడో వరస, నాలుగో వరస, అయిదో వరస. అరవై మూడు ఇళ్లు. నాలుగో వరసలో పాపాయమ్మది.

ఆవిడ బడ్డీ దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చేసరికి ఇంటి చుట్టూ మంటే. సత్తియ్య మంచం దిగి గుమ్మం దాకా పాక్కుంటూ వచ్చాడు. గుమ్మం దాటలేకపోయాడు. ఆ సంగతి మంటలు చల్లారాక, ఆయన పడి ఉన్న చోటుని బట్టి తెలిసింది.

సగం నీళ్లతో తిరిగొచ్చిన ఇంజను మీద జనం రాళ్లేశారు. తప్పెలా పడతాం? ఒక రాయి అమ్మిరాజు నుదుటికి తగిలి రక్తం కారింది. ఆయన తుడుచుకోకుండా బూడిద మీద నీళ్లు కొడుతూనే ఉన్నాడు. చంద్రరావు జనం వెనక నిలబడ్డాడు. తొట్టి ఏదని ఎవరూ అడగలేదు. తొట్టి అనేది ఒకటుండేదని, అమ్మిరాజు మనుషులు కాక, అక్కడ ముగ్గురికే గుర్తుంది. అందులో ఒకామె నేల మీద పడి ఏడుస్తోంది, ఒకడు బూడిద తడుపుతున్నాడు. మూడోవాడు ఎవరికీ కనబడకుండా స్కూటరు తీసుకుని ఇంటికెళ్లి తలుపేసుకున్నాడు. వాంతి చేసుకున్నాడు. సూర్యకళ వీపు రాస్తూ, ఎండ దెబ్బ తగిలిందంది.

జూన్ నెలాఖరుకి విచారణాధికారి వచ్చాడు. అప్పటికి కాలవలు వదిలారు, గోదావరి కొత్తనీరు ఎర్రగా గట్లొరుసుకుని పారుతోంది. చైర్మన్ గదిలో కూర్చున్నారు. పెదబాబుగారు ఒక పక్క, చంద్రరావు ఒక పక్క. ఎదురుగా అమ్మిరాజు నిలబడి ఉన్నాడు, నుదుటి మీద కుట్లు ఇంకా మానలేదు. అధికారి తెలివితక్కువవాడేం కాదు. ఫైలంతా చదివే వచ్చాడు. ఆరో పేజీ తెరిచాడు.

"కాలవ ఏడాది పొడవునా పారుతుంది, తొట్టి అక్కర్లేదు అని ఉంది. కింద సంతకం మీది. వేసవిలో కాలవ కట్టేస్తారని మీకు తెలీదా?"

"తెలుసండి," అన్నాడు అమ్మిరాజు.

"తెలిసి ఇలాగెలా ఒప్పుకున్నారయ్యా?"

అమ్మిరాజు మొదటిసారి ఆ కాగితం వైపు చూశాడు. వంగి, ఆ పేరాని ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాడు. పెదాలు కదిలాయి. చదవడం అయ్యాక కూడా వంగే ఉన్నాడు.

అధికారి చంద్రరావు వైపు తిరిగాడు. "మీరైనా రాసేటప్పుడు ఆలోచించక్కర్లేదా?"

"వాడుకునే శాఖవాళ్లు రాతపూర్వకంగా సమ్మతించాక మేం కాదనలేమండి," అన్నాడు చంద్రరావు. ఈ వాక్యం ఆయన నెల రోజులుగా ఇంట్లో తయారు చేసుకున్నదే.

"సంతకం పెట్టేముందు ఈ పేరాలో ఏముందో ఆయనకి చెప్పారా?"

ఈ ప్రశ్నకి మాత్రం ఆయన వాక్యం తయారు చేసుకోలేదు. పెదబాబుగారు బల్ల మీద పేపరువెయిటు తిప్పుతున్నాడు. కిటికీ బయట నీళ్ల చప్పుడు వినబడుతోంది. లేదండి, చెప్పలేదు, చెబితే పెట్టేవాడు కాదు. ఈ మూడు మాటలూ గొంతు దాకా వచ్చాయి. అవి బయటికొస్తే ఉద్యోగం పోతుంది. ఇరవై రెండేళ్ల పేరు పోతుంది. ఉద్యోగం కంటే పేరుకే ఎక్కువ భయపడ్డాడు, అదీ చెప్పాలి.

"చెప్పానండి," అన్నాడు.

అమ్మిరాజు అప్పుడు నిటారుగా నిలబడి చంద్రరావు ముఖంలోకి చూశాడు. అరుస్తాడనుకున్నాడు చంద్రరావు. అరిస్తే బాగుండుననుకున్నాడు.

"ఇంజనీరుగారు చెప్పే ఉంటారండి. ఆయన అబద్ధమాడే మనిషి కాదండి. నా బుర్రకే ఎక్కుండదు, ఆయ్," అన్నాడు అమ్మిరాజు. అదే మెత్తటి గొంతు. ఆ మాటల్ని వెటకారంగా అన్నాడో నిజంగానే అన్నాడో చంద్రరావుకి ఈ రోజుకీ తెలియదు. రెండింట్లో ఏదైనా ఆయనకి ఊరట లేదు.

వారం తిరక్కుండానే అమ్మిరాజు సస్పెండయ్యాడు. చంద్రరావుకి ఇకముందు జాగ్రత్తగా ఉండమని ఒక మెమో వచ్చింది.

పాపాయమ్మ మళ్లీ బడ్డీ తెరిచింది. తెరవక ఏం చేస్తుంది? ఒక సాయంత్రం చంద్రరావు అటుగా వెళ్లాల్సొచ్చింది. బడ్డీ ముందు బల్ల మీద లుంగీ, చొక్కాతో కూర్చున్న అమ్మిరాజు ఆయన్ని చూడగానే లేచి నిలబడ్డాడు.

"నమస్కారమండి. అమ్మాయిగారికి సీటొచ్చిందటగా?"

"కాకినాడలో," అన్నాడు చంద్రరావు.

"మంచిదండి. దగ్గరే." అమ్మిరాజు కూర్చోలేదు. ఆయన వెళ్లేదాకా నిలబడే ఉన్నాడు. పాపాయమ్మ గ్లాసులు కడగడానికి రోడ్డు దాటి కాలవ దగ్గరకి వెళ్లింది, ఆయన ముఖం చూడలేదు. ఆ తర్వాత చంద్రరావు ఆఫీసుకి చుట్టూ తిరిగి వెళ్లడం మొదలుపెట్టాడు. రోజూ అర కిలోమీటరు ఎక్కువ.

ఆగస్టులో పెదబాబుగారి మీద అవిశ్వాసం నెగ్గింది. నైరుతి బరువుగానే ఉంది, రోడ్డు రోలరు కూడా ఉంది, అయినా దిగిపోయాడు. రోలరు ఇంకొంచెం బరువైనది పెట్టాల్సిందని సిద్ధాంతి అన్నాడట.

అరవై మూడు ఇళ్లూ ఒక ప్రాణమూ పోయాక రెండో విడత దానంతటదే వచ్చింది. నవంబరులో లక్షా యాభై వేలు, తొట్టి కోసమే. కొత్త చైర్మన్‌కి వాస్తు పట్టింపు లేదు. పూడ్చినచోటే తవ్వాలి. చంద్రరావు పాత డ్రాయింగ్ బయటికి తీశాడు. మార్చాల్సిందేమీ లేదు, రేట్లు తప్ప. కాగితాలు పట్టుకుని ఫైర్ స్టేషన్‌కి వెళ్లాడు.

కొత్త ఇన్‌ఛార్జి గణేష్‌బాబు తాడేపల్లిగూడెం నుంచి వచ్చినవాడు. కుర్చీ వేసి, టీ చెప్పబోతే చంద్రరావు వద్దన్నాడు. సమ్మతి కాగితం తెరిచి, అలవాటు కొద్దీ సంతకం చోట వేలు పెట్టాడు. గణేష్‌బాబు ఆ వేలు వైపు చూడలేదు.

"ఏమనుకోకండి. మొత్తం చదివి తెలుగులో చెప్పండి. అమ్మిరాజుగారు వెళ్తా వెళ్తా నాకొక్కటే చెప్పారండి, చదివించుకోకుండా సంతకం పెట్టొద్దని."

"ఇంకేమన్నా చెప్పాడా?"

"ఇంకేం చెప్పలేదండి."

చంద్రరావు మొదటి పేజీ తిప్పి చదవడం మొదలుపెట్టాడు. గొయ్యి ఎంత లోతు, ఇనుము ఎంత, ఎన్ని లీటర్లు, నీళ్లు ఎక్కడి నుంచి నింపాలి, ఎందుకు కావాలి. కాలవ ఏప్రిల్ నెలాఖరు నుంచి జూన్ దాకా కట్టేసి ఉంటుంది గనక అనే మాట దగ్గర ఆగాడు. ఆ వాక్యం మొదటి నుంచి మళ్లీ చదివాడు. చివరి పేజీ దాకా వెళ్లి, మూసి, గోడ మీది గడియారం వంక చూశాడు. పది నిమిషాలు కూడా పట్టలేదు.

గణేష్‌బాబు కలం మూత తీసి సంతకం పెట్టాడు. "ఇంతేనాండి?" అన్నాడు.

"ఇంతే," అన్నాడు చంద్రరావు.